హైదరాబాద్‌కి బార్డర్ ఉన్న రోజులు: నాకా దగ్గర కట్టిందెవరు, ఖర్చు పెట్టిందెవరు?

బాలాపూర్ నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈ మధ్య ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, కెనడా, అమెరికా మధ్య ఆ టారిఫ్ గొడవ ఏంది? మా చెల్లె అక్కడ చదువుతుంది, రేట్లు పెరిగినయ్ అంటుంది. అసలు కథ ఏంది?" అని.

కథ చెప్తాను. కానీ ఒరిజినల్‌గా నేను చెప్పాలనుకున్నది కెనడా గురించి కాదు, మన గురించి. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి సిట్యుయేషన్‌లో ఇంచుమించు నూట యాభై ఏళ్లు బతికిన రాజ్యం ఒకటుంది. పక్కన తనకంటే చాలా పెద్ద పొరుగు. సరుకు ఏది రావాలన్నా ఆ పొరుగు మీదుగానే రావాలి. బార్డర్‌లో సుంకం నాకాలు, సొంత కరెన్సీ, సొంత బడ్జెట్. ఆ రాజ్యం పేరు హైదరాబాద్ స్టేట్. మీరు, నేను ఇప్పుడు ఉన్నది ఆ నేల మీదనే.

ముందు కెనడా సంగతి రెండు నిమిషాల్లో

2025 మార్చిలో అమెరికా, కెనడా నుంచి వచ్చే సరుకుల మీద 25 శాతం సుంకం అమల్లోకి తెచ్చింది. కొద్ది రోజుల్లోనే, ఉన్న వ్యాపార ఒప్పందం కిందకి వచ్చే సరుకులకి మినహాయింపు ఇచ్చింది. కానీ స్టీల్, అల్యూమినియం మీద వేసిన సుంకం జూన్ కల్లా 50 శాతానికి పోయింది. 2024లో కెనడా బయటికి అమ్మిన సరుకులో దాదాపు నాలుగింట మూడు వంతులు అమెరికాకే పోయింది. అంటే ఒక్క గిరాకీ మీద నడిచే షాపు లాంటిది అన్నమాట. ఆ ఒక్క గిరాకీకి కోపం వస్తే షాపు పరిస్థితి మీరే ఊహించుకోండి.

అప్పుడు కెనడా జనం ఏం చేశారు? ఏప్రిల్ 28న ఓటేశారు. ఆ ఎలక్షన్ మొత్తం ఒకటే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ పొరుగుతో ఎవరు డీల్ చేయగలరు? మార్క్ కార్నీ పార్టీ గెలిచింది. నవంబర్‌లో వచ్చిన బడ్జెట్‌లో లోటు సుమారు 78 బిలియన్ కెనడియన్ డాలర్లు. "ఇంత ఖర్చా?" అని పార్లమెంట్‌లో కొట్లాట.

ఇది వాళ్లకి కొత్త కాదు. 1911లో అమెరికాతో సుంకాలు తగ్గించుకుందామని ఒప్పందం తెచ్చిన ప్రధాని లోరియే, ఆ ఒప్పందం మీదనే ఎలక్షన్ ఓడిపోయాడు. 1988లో ఫ్రీ ట్రేడ్ మీదనే ఇంకో ఎలక్షన్ జరిగింది. ఈసారి ఒప్పందం తెచ్చిన మల్రోనీ గెలిచాడు. 1989 జనవరి 1 నుంచి ఒప్పందం అమలైంది. గమనించండి ఫ్రెండ్స్, సుంకం ఎంత ఉండాలి అనేది అక్కడ మూడుసార్లు ఓటు దాకా వచ్చింది.

ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి. మనం ఇప్పుడు 1802కి పోతున్నాం.

సముద్రం పోయిన రాజ్యం

గోల్కొండ సుల్తానుల టైంలో మనకి సముద్రం ఉండేది. మచిలీపట్నం, అదే మన బందరు, గోల్కొండ రాజ్యం రేవు. 1611లోనే ఇంగ్లీష్ కంపెనీ వాళ్లు అక్కడ దిగారు. డచ్ వాళ్లు ఇంకా ముందే వచ్చారు.

తర్వాత నిజాంల కాలంలో సీన్ మారిపోయింది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రలో చాలా భాగం, కంపెనీ చేతికి పోయాయి. 1788కి గుంటూరు కూడా పోయింది. 1800లో బళ్లారి, కడప, కర్నూలు వైపు జిల్లాలు పోయాయి. మన దగ్గర 'దత్తమండలం' అనే మాట వచ్చింది అక్కడి నుంచే. 1853లో బీరారు కూడా కంపెనీ పరిపాలన కిందకి వెళ్లింది.

మ్యాప్ తీసి చూడండి. మిగిలింది ఏంటి? దాదాపు 82 వేల చదరపు మైళ్ల దేశం. ఒక వైపు మద్రాస్ ప్రెసిడెన్సీ, ఇంకో వైపు బొంబాయి ప్రెసిడెన్సీ, పైన సెంట్రల్ ప్రావిన్సెస్. మూడు పేర్లు, ఓనర్ మాత్రం ఒక్కడే. ఒక్క రేవు కూడా లేదు. కెనడాకి కనీసం రెండు మహాసముద్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌కి హుస్సేన్ సాగర్ ఉంది, అంతే.

1802లో కంపెనీతో నిజాం ఒక వ్యాపార ఒప్పందం చేసుకున్నాడు. అందులో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, బందరు రేవుని హైదరాబాద్ వాడుకోవచ్చు. రెండు, కంపెనీ వైపు నుంచి వచ్చే సరుకు మీద హైదరాబాద్ 5 శాతానికి మించి సుంకం వేయకూడదు. మొదటిది చెప్పుకోవడానికి బాగుంటుంది. రెండోది మాత్రం తర్వాత తరాలన్నిటినీ కట్టేసింది.

ఎందుకో చెప్తాను. 1879లో కెనడా ప్రధాని మెక్‌డొనాల్డ్, అమెరికా సరుకు మీద సుంకాలు బాగా పెంచి, ఆ గోడ చాటున సొంత ఫ్యాక్టరీలు పెంచుకునే పాలసీ తెచ్చాడు. అది మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. కానీ ఆ నిర్ణయం తీసుకునే అధికారం వాళ్లకి ఉంది. హైదరాబాద్‌కి లేదు. 5 శాతం అంటే 5 శాతమే.

నాకా అంటే ఏంటి?

ఆ సుంకం వసూలు చేసే శాఖ పేరు కరోడ్‌గిరీ. మీ తాతలని అడగండి, బార్డర్ జిల్లాల వాళ్లయితే ఈ పదం గుర్తుండొచ్చు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే కస్టమ్స్ డిపార్ట్‌మెంట్.

మన ఏరియా లెక్కలో చూద్దాం. శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే ఎక్కి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట దాటుకుంటూ పోతే తుంగభద్ర వస్తుంది. అవతలి ఒడ్డు కర్నూలు. ఇప్పుడు బ్రిడ్జి మీద ఒక నిమిషంలో దాటేస్తాం. అప్పుడు మాత్రం ఇవతల నిజాం రాజ్యం, అవతల మద్రాస్ ప్రెసిడెన్సీ. కరెన్సీ వేరు, కోర్టు వేరు, పోస్టు స్టాంపు వేరు.

బెజవాడ రోడ్డు ఇంకా ఇంట్రెస్టింగ్. ఆ దారిలో మునగాల ఉంది కదా, అది నల్లగొండ జిల్లా మధ్యలో ఉన్నా నిజాం రాజ్యంలో లేదు. కృష్ణా జిల్లాకి చెందిన పరగణా. అంటే చుట్టూ హైదరాబాద్ స్టేట్, మధ్యలో ఒక ముక్క బ్రిటిష్ ఇండియా. కొన్ని ఊళ్ల అవతలికి సరుకు తీసుకెళ్లాలన్నా పేపర్ మీద అది ఇంకో సర్కారు ఇలాకా.

సాలార్‌జంగ్ పేరు మనకి మ్యూజియం వల్ల తెలుసు. ఆ మ్యూజియం పెట్టింది మూడో సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో. నేను చెప్పేది మొదటి సాలార్‌జంగ్ గురించి. 1853లో దివాన్ అయ్యాడు, 1883లో చనిపోయేదాకా చేశాడు. అతను వచ్చేసరికి ఖజానా ఖాళీ, అప్పులు నిండా. రాజ్యం లోపల దారి పొడుగునా రకరకాల సుంకాలు. ఒక బండి సరుకు ఊరు దాటితే ఒక వసూలు, జాగీరు దాటితే ఇంకో వసూలు. అతని కాలంలో లోపలి సుంకాలు తగ్గించి, బార్డర్ సుంకాన్ని సర్కారు చేతిలోకి తెచ్చే పని మొదలైంది. జిల్లాలు ఏర్పడ్డాయి, జీతం తీసుకునే ఉద్యోగులు వచ్చారు. భూమి శిస్తు, ఆబ్కారీ, కరోడ్‌గిరీ, తర్వాత రైల్వే. ఖజానా వీటి మీద నిలబడింది.

రైలు ఎవరి డబ్బుతో వచ్చింది?

ఇప్పుడు ఖర్చు సంగతి. ఇక్కడే అసలు ట్విస్ట్ ఉంది.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది. వాడి, బొంబాయి-మద్రాస్ లైన్ మీద ఉన్న స్టేషన్. అంటే మన లైన్ బ్రిటిష్ వాళ్ల మెయిన్ లైన్‌కి తగిలించిన కొమ్మ లాంటిది. పెట్టుబడి నిజాం వైపుది. సికింద్రాబాద్‌లో పెద్ద కంటోన్మెంట్ ఉంది కాబట్టి, ఆ లైన్ అవసరం బ్రిటిష్ వాళ్లకీ ఉంది.

1883లో ఇంకో స్కీమ్ వచ్చింది. లండన్‌లో ఒక కంపెనీ పెడతారు, అది లైన్‌ని చాందా వైపు, బెజవాడ వైపు పొడిగిస్తుంది. కంపెనీ పెట్టుబడికి సంవత్సరానికి 5 శాతం వడ్డీ ఇరవై ఏళ్ల పాటు వచ్చేలా నిజాం సర్కారు గ్యారంటీ ఇస్తుంది. లాభం రాకపోతే? తేడా ఖజానా కడుతుంది. లండన్ షేర్‌హోల్డర్‌కి రిస్క్ లేదు. రిస్క్ అంతా ఇక్కడ శిస్తు కట్టే రైతుది, నాకా దగ్గర సుంకం కట్టే వాడిది.

హైదరాబాద్‌లో కొంతమంది చదువుకున్న వాళ్లు ఒక సింపుల్ ప్రశ్న అడిగారు: ఈ ఒప్పందంలో ఏం రాశారు? మాకు చూపించండి. జనం డబ్బు కదా, జనానికి చెప్పాలి కదా? అని. వాళ్లలో ముందున్న పేరు అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. సరోజినీ నాయుడు వాళ్ల నాన్న. ఇంకొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఖర్చు మీద జనం బహిరంగంగా లెక్క అడిగిన మొదటి ఉద్యమాల్లో ఇది ఒకటి. దీన్ని చాందా రైల్వే ఆందోళన అంటారు.

లెక్క చెప్పారా? లేదు. అఘోరనాథ్‌ని రాజ్యం నుంచి బహిష్కరించారు. అబ్దుల్ ఖయ్యూం ఉద్యోగం పోయింది.

ఆగండి, ఇంకా ఉంది. ఆ తర్వాత గనుల కంపెనీ వ్యవహారం వచ్చింది. సింగరేణి బొగ్గు తవ్వకాలకి పునాది వేసిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ అదే. దాని షేర్లు సర్కారు డబ్బుతో కొన్న పద్ధతి మీద పెద్ద స్కాండల్ అయ్యింది. 1888లో ఎంక్వైరీ జరిగింది. ఎక్కడ? లండన్‌లో, హౌస్ ఆఫ్ కామన్స్ కమిటీ ముందు. డబ్బు హైదరాబాద్‌ది, ప్రశ్న మాత్రం లండన్‌లో అడిగారు. ఇక్కడ అడిగిన మనిషికి ఐదేళ్ల క్రితమే దేశ బహిష్కారం!

మన బాలాపూర్ లడ్డూ వేలం మీకు తెలుసు. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకి చేరింది. అందరి ముందు పాట పాడతారు, ఎంతకి పోయిందో టీవీలో లైవ్ వస్తుంది, ఆ డబ్బు ఊరి పనులకి వాడతారు. ఏ పనికి పోయింది అని అడిగే హక్కు ఊళ్లో ఎవరికైనా ఉంటుంది. ఒక లడ్డూకి ఉన్న ఈ పాటి పద్ధతి, 1883లో ఒక రైల్వేకి లేదు.

ఒక్క సరుకు, రెండు సుంకాలు

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం. బీటెక్ చేశాం కదా, ఇంత మాత్రం చేయగలం.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ ఇండియా రేవుల్లో దిగుమతి సుంకం మామూలుగా 5 శాతం ఉండేది. యుద్ధం ఖర్చులొచ్చాయి. 1921లో 11 శాతం చేశారు, 1922లో 15 శాతం చేశారు. ఇప్పుడు 100 రూపాయల విదేశీ సరుకు మద్రాస్ రేవులో దిగిందనుకోండి. రవాణా, వ్యాపారి లాభం పక్కన పెట్టేద్దాం. రేవులో 15 శాతం వేస్తే 115 అవుతుంది. అది రైలెక్కి హైదరాబాద్ బార్డర్‌కి వస్తుంది. అక్కడ కరోడ్‌గిరీ 5 శాతం, అంటే 115 మీద 5 రూపాయల 12 అణాలు. మొత్తం 120 రూపాయల 12 అణాలు.

కానీ మన జేబులో ఉండేది హాలీ సిక్కా, నిజాం రూపాయి. సుమారు 7 హాలీ రూపాయలు ఇస్తే 6 బ్రిటిష్ రూపాయలు. అదే లెక్కన మన వాడి చేతి నుంచి పోయేది 140 హాలీ రూపాయల 14 అణాలు.

ఇందులో రేవు దగ్గర పడిన 15 రూపాయలు ఎవరికి పోయాయి? ఢిల్లీకి. బ్రిటిష్ ఇండియా ఖజానాకి. హైదరాబాద్‌లో కొన్నవాడు కట్టాడు, కానీ ఆ డబ్బుతో రోడ్డు వేస్తే అది వాడి ఊళ్లో వేయరు. ఉప్పు కూడా అంతే. తీరం నుంచి వచ్చే ఉప్పు మీద పన్ను అక్కడే పడేది. దండి యాత్ర గురించి చదువుకున్నాం కదా, ఆ ఉప్పు పన్ను పరోక్షంగా తెలంగాణ పల్లెలో కూర వండుకునే ఇల్లాలు కూడా కట్టింది.

ఈ కంప్లైంట్ నా సొంతం కాదు. 1927లో సంస్థానాల సమస్యల మీద వేసిన బట్లర్ కమిటీ ముందు సంస్థానాధీశులు గట్టిగా వినిపించిన వాదన ఇదే: మా ప్రజలు మీ రేవుల్లో సుంకం కడుతున్నారు, అందులో మా వాటా ఏది? 1929 రిపోర్టులో కమిటీ కూడా ఈ వాదనలో బలం ఉందని ఒప్పుకుంది. తర్వాత రౌండ్ టేబుల్ సమావేశాల్లో హైదరాబాద్ తరఫున అక్బర్ హైదరీ కూర్చున్నాడు. ఫెడరేషన్ వస్తే సుంకాల పంపకం తేలుతుందన్నారు. ఫెడరేషన్ రాలేదు, పంపకం తేలలేదు.

ఇక్కడ ఒక తిరకాసు చూడండి. సంస్థానాధీశులు "మా ప్రజలు కడుతున్నారు, మాకు ఇవ్వండి" అన్నారు. "మా ప్రజలు కడుతున్నారు, వాళ్లనే అడుగుదాం" అనలేదు.

ఖర్చు పెట్టలేదా అంటే, పెట్టారు

ఫెయిర్‌గా మాట్లాడుకుందాం. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. శంషాబాద్ పోయే దారిలో ఇప్పుడు మనం ఫోటోలు దిగే హిమాయత్ సాగర్ అదే. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. నిజాం సాగర్ 1931కి సిద్ధమైంది. 1922 నుంచి అక్బర్ హైదరీ ఆర్థిక వ్యవహారాల్లో ఒక పద్ధతి తెచ్చాడు: ఒక్కో శాఖకి కొన్నేళ్లకి ఇంత అని ముందే కేటాయింపు. దేశంలో చాలా చోట్ల కంటే నీట్‌గా ఉన్న బడ్జెట్ అది. 1930లో లండన్ కంపెనీ నుంచి రైల్వేని సర్కారు కొనేసింది.

సుంకం పెంచి ఫ్యాక్టరీలని కాపాడే దారి మూసుకుపోయింది కాబట్టి, సర్కారు ఇంకో దారి పట్టింది. నేరుగా డబ్బు పెట్టడం. 1929లో పారిశ్రామిక ట్రస్ట్ ఫండ్ పెట్టారు. వరంగల్ ఆజంజాహీ మిల్లు, బోధన్ నిజాం షుగర్స్ లాంటివి ఈ దశలో వచ్చాయి. అంటే పొరుగు చేతులు కట్టేసినా, ఖర్చు ద్వారా కొంత ఆడే చోటు ఉందని వాళ్లు చూపించారు. ఇది కాదనలేం.

కానీ ఏ పన్ను ఎంత, ఏ ఖర్చు ముందు అని నిర్ణయించే సభకి జనం ఓటుతో గెలిచిన ప్రభుత్వం జవాబుదారీగా ఉండడం అనేది ఒక్క రోజు కూడా జరగలేదు. శిస్తు కట్టే రైతుకి జాగీర్దారు, దేశ్‌ముఖ్ కనిపిస్తారు. సుంకం కట్టే వాడికి నాకా జవాను కనిపిస్తాడు. బడ్జెట్ ఎవరికీ కనిపించదు.

1947-48: బార్డర్ ఆయుధం అయిన సంవత్సరం

1947 ఆగస్టు 15న బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు. నిజాం ఇండియాలో కలవలేదు. నవంబర్ 29న ఒక సంవత్సరానికి యథాతథ ఒప్పందం జరిగింది. అంటే ఇప్పటిదాకా రైలు, పోస్టు, వ్యాపారం ఎలా నడిచాయో అలాగే నడవాలి.

ఒప్పందం మీద సిరా ఆరకముందే గొడవ మొదలైంది. హైదరాబాద్ సర్కారు రెండు ఆర్డినెన్సులు తెచ్చింది: బంగారం, వెండి లాంటి లోహాలు ఇండియాకి పోకుండా ఒకటి, ఇండియన్ కరెన్సీ ఇక్కడ చెల్లకుండా ఇంకొకటి. దానికి తోడు, పాకిస్తాన్‌కి 20 కోట్ల రూపాయల విలువైన ఇండియా ప్రభుత్వ సెక్యూరిటీలు అప్పుగా ఇచ్చింది. ఎవరి డబ్బు? హైదరాబాద్ ఖజానాది. ఎవరిని అడిగారు? ఇది మళ్లీ అదే 1883 ప్రశ్న.

ఇంకో వైపు నుంచి సరుకు ఆగిపోవడం మొదలైంది. పెట్రోల్, మందులు, ఉప్పు, మెషీన్ పార్టులు. హైదరాబాద్ సర్కారు దీన్ని ఆర్థిక దిగ్బంధం అంది. ఇండియా ప్రభుత్వం అధికారికంగా అలాంటిది ఏమీ పెట్టలేదంది. ఆసుపత్రిలో మందు దొరకని వాడికి ఈ రెండు స్టేట్‌మెంట్లలో ఏది కరెక్ట్ అనేది పెద్ద తేడా కాదు. చుట్టూ ఒకే పొరుగు ఉన్నప్పుడు తలుపు మూయడానికి చట్టం కూడా అవసరం లేదు. వాగన్లు లేట్ చేస్తే చాలు.

రేవు కోసం గోవా వైపు చూశారు, పోర్చుగీసు వాళ్లతో మాటలకి ప్రయత్నాలు జరిగాయి. అవ్వలేదు. చివరికి ఆకాశం మిగిలింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ 1948లో కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించాడు. సముద్రం లేని రాజ్యం విమానాన్ని ఓడలా వాడుకుంది. ఆ ఓడలో వచ్చింది మాత్రం మందులకంటే ముందు తుపాకులు.

మరి జనం? ఇక్కడే నాకా మళ్లీ వస్తుంది. స్టేట్ కాంగ్రెస్ 'జాయిన్ ఇండియా' ఉద్యమం మొదలుపెట్టాక బార్డర్ అవతల క్యాంపులు పెట్టి కార్యకర్తలు కరోడ్‌గిరీ నాకాల మీద దాడులు చేశారు. రికార్డులు తగలబెట్టారు. పల్లెల్లో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం అప్పటికే నడుస్తోంది. ఇంకో పక్క రజాకార్ల దాడులు. నాకాలే ఎందుకు టార్గెట్ అయ్యాయి? మామూలు మనిషికి సర్కారు అంటే కనిపించే ముఖం అదే కాబట్టి. సరుకు ఆపేది, మూట విప్పించేది, వసూలు చేసేది అక్కడే. ఓటు పెట్టె లేని చోట కోపం అంతా నాకా గుడిసె మీద పడింది.

1948 ఆగస్టులో హైదరాబాద్ ఐక్యరాజ్య సమితి తలుపు తట్టింది. సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం లోపలికి వచ్చింది. 17కి అయిపోయింది. ఆ సంవత్సరం ముందూ, ఆ తర్వాతా రెండు వైపులా చనిపోయిన మామూలు జనం చాలా మంది. దాని మీద ఒక ఎపిసోడ్ విడిగా చేయాలి, రెండు లైన్లలో చెప్పి వదిలేసే విషయం కాదది.

నాకా ఒక్క రోజులో పోలేదు

చాలా మంది అనుకుంటారు, 1948 సెప్టెంబర్‌తో బార్డర్ పోయిందని. లేదు. సైన్యం వచ్చినంత ఈజీగా సుంకం పోదు. ఎందుకంటే బడ్జెట్‌లో ఒక పెద్ద ఆదాయం అది. రేపటి నుంచి వద్దు అంటే టీచర్ జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

రాజ్యాంగం చూడండి. ఆర్టికల్ 301 దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా జరగాలి అంటుంది. కానీ అసలు రాజ్యాంగంలో ఆర్టికల్ 306 అని ఇంకొకటి ఉండేది. హైదరాబాద్ లాంటి పాత సంస్థానాలు కేంద్రంతో ఒప్పందం చేసుకుని, పదేళ్లకి మించకుండా, పక్క రాష్ట్రాల సరుకు మీద సుంకాలు కొనసాగించుకోవచ్చని. అంటే ఇండియాలో కలిశాక కూడా, లోపల కొన్నాళ్లు బార్డర్ సుంకం నడిచింది. ఆ లోటు పూడ్చడానికి సేల్స్ ట్యాక్స్ వచ్చింది. 1956లో ఏడో సవరణతో ఆర్టికల్ 306ని తీసేశారు. హాలీ సిక్కా 1959 దాకా మిగిలింది.

అయితే ఈ మధ్యలో ఒక పని జరిగింది. 1952లో ఇక్కడ మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. సుంకాలు పోవడం, సేల్స్ ట్యాక్స్ పెరగడం లాంటి నిర్ణయాల మీద అసెంబ్లీలో నిలబడి "ఎందుకు?" అని అడిగే మనుషులు ఉన్నారు. 1883లో ఆ ప్రశ్నకి బహిష్కరణ. డెబ్బై ఏళ్ల తర్వాత అదే ప్రశ్నకి జవాబు చెప్పడం మంత్రి డ్యూటీ.

ఇప్పుడు మనం ఎక్కడున్నాం?

నాకా తమ్ముడు చెక్‌పోస్టు ఇంకా చాలా ఏళ్లు బతికాడు. సేల్స్ ట్యాక్స్, తర్వాత వ్యాట్, లారీల క్యూలు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల పన్ను చెక్‌పోస్టులు తీసేశారు. ఇప్పుడు మీ ఫోన్‌లో బిల్లు తెరిస్తే రెండు లైన్లు కనిపిస్తాయి: సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. నాకా ఇప్పుడు రోడ్డు మీద లేదు, మీ బిల్లులో ఉంది. రేటు డిసైడ్ చేసేది జీఎస్టీ కౌన్సిల్. అందులో కేంద్ర మంత్రి ఉంటారు, మన రాష్ట్రం నుంచి ఒక మంత్రి ఉంటారు.

తెలంగాణకి ఇప్పటికీ సముద్రం లేదు. కానీ 2008 మార్చి నుంచి శంషాబాద్ మన రేవు. మన మందుల కంపెనీల సరుకు ఇక్కడి కార్గో నుంచే ప్రపంచానికి పోతుంది, అందులో పెద్ద గిరాకీ అమెరికా. అందుకే అమెరికా ఏదో సుంకం అంటే మన దగ్గర ఫార్మాలో పనిచేసే పిల్లలకి నిద్ర పట్టదు. కెనడా గొడవ మనకి సంబంధం లేనిది కాదు అని నేను అన్నది ఇందుకే.

సో ఫ్రెండ్స్, ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టి నేను చెప్పదలుచుకున్నది ఇది. పక్కన పెద్ద పొరుగు ఉండడం అనేది ఎవరి చేతిలోనూ లేదు. కెనడా దాన్ని మార్చుకోలేదు, హైదరాబాద్ మార్చుకోలేదు. సుంకం ఎవరి పేరున వేసినా చివరికి ఎక్కువ భాగం కట్టేది కొనేవాడే, అది కూడా రెండు చోట్లా ఒకటే. తేడా ఒక్క దగ్గర ఉంది. కట్టేవాడికి "ఎంత, ఎందుకు, ఎక్కడికి పోయింది" అని అడిగే చోటు ఉందా లేదా? కెనడా వాడికి 1911లో ఉంది, 1988లో ఉంది, 2025లో ఉంది. గొడవ పడ్డారు, ఓడించారు, గెలిపించారు, దేశం నిలబడింది. హైదరాబాద్ వాడికి లేదు. డ్యాములు ఉన్నాయి, యూనివర్సిటీ ఉంది, సొంత రైలు ఉంది, సొంత రూపాయి ఉంది. అడిగే చోటు లేదు. కష్టం వచ్చిన సంవత్సరం, ఆ రాజ్యాన్ని నాది అని నిలబెట్టుకోవడానికి మామూలు మనిషికి కారణం దొరకలేదు.

మనకి ఇప్పుడు అడిగే చోటు ఉంది. ఒక పని చేయండి. ఈ వారం ఏదైనా కొన్నప్పుడు బిల్లు కింద ట్యాక్స్ లైన్ ఒక్కసారి చూడండి. తర్వాత తెలంగాణ బడ్జెట్ ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఫ్రీగా ఉంటుంది, మీ జిల్లాకి సంబంధించిన ఒక్క పద్దు వెతికి చూడండి. రీల్స్ చూసే టైంలో పది నిమిషాలు. అఘోరనాథ్ అడిగితే ఊరు వదిలి పోవాల్సి వచ్చిన కాగితం, మీకు ఒక క్లిక్ దూరంలో ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి నాకాల గురించి, హాలీ సిక్కా గురించి ఏమైనా గుర్తుంటే అడిగి రాయండి, అవన్నీ కలిపి ఒక ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా సెలవు. నమస్తే.